తలనూనెలో బంగారం

బర్మింగ్‌హామ్ నగల పేటలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: ఎఫ్రాయిమ్ టాలీ తన పెళ్ళి ఉంగరానికి కావలసిన బంగారాన్ని యజమాని కార్ఖానా నుంచి తలనూనెలో దాచి ఇంటికి చేరవేశాడు.

ఎలా చేరవేశాడన్నదీ అందరికీ తెలుసు. బ్రేస్‌గర్డిల్ కార్ఖానాలో పని బల్లకు వరసగా అర్ధచంద్రాకారపు కోతలు ఉండేవి. ఒక్కొక్క కోతలో ఒక్కొక్క పనివాడు కూర్చునేవాడు. ఒడిలో తోలు జోలె. ఆకురాయి కింద రాలిన రజను అంతా ఆ జోలెలోనే పడాలి. సాయంత్రం చేతులు కడుక్కున్న నీళ్ళు సైతం వీధి కాలువలోకి పోయేవి కావు, తొట్టెలోకి పోయేవి. ఒంటి మీది పని గుడ్డల్ని ఏడాదికొకసారి కాల్చి, బూడిదలోంచి బంగారం రాబట్టేవారు. అన్నింటి మీదా కాపలా ఉండేది, మనిషి తల మీద తప్ప. ఎఫ్రాయిమ్‌కు ఒత్తయిన నల్లటి జుట్టు. దానికి నుదుటి మీదికి కారేటంత నూనె. పని చేస్తూ చేస్తూ వేళ్ళు జుట్టులోకి పోనివ్వడం అతని అలవాటు. ఇంటికి వెళ్ళాక బేసిన్లో తల కడిగి, నీళ్ళు తేరుకున్నాక అడుగున మిగిలినదాన్ని సీసాలో పోసేవాడు. మూడేళ్ళకు ఒక ఉంగరానికి సరిపడా పోగయింది. దాన్ని కరిగించి ఉంగరం చేసి, కార్ఖానా సరుకుతో కలిపి, బంగారం మేలిమి తేల్చి ముద్రలు వేసే పరీక్ష కార్యాలయానికి పంపాడు. ముద్రలు పడి తిరిగి వచ్చిన మూటలోంచి ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. 1931 ఆగస్టులో దాన్ని కెజియా వేలికి తొడిగాడు.

ఈ కథను నగల పేటలో నిందగా చెప్పుకునేవారు కాదు, ముచ్చటగా చెప్పుకునేవారు. చెప్పేవాళ్ళందరిలోనూ బాగా చెప్పేవాడు ఆంబ్రోస్ పెడ్లీ.

నిజానికి ఆంబ్రోస్ వినికిడి మాటలు నమ్మే మనిషి కాదు. నలభై ఒక్క ఏళ్ళు పరీక్ష కార్యాలయంలో బంగారాన్ని గీసి, కరిగించి, తూచి, ఎన్ని పాళ్ళ మేలిమో తేల్చి ముద్ర వేయించినవాడు. పోయిన భార్య టీ కప్పు అడుగున మిగిలిన ఆకుల్లో భవిష్యత్తు చూసేది. ఆయన మాట్లాడకుండా ఆ కప్పులో ఇంకొంచెం టీ పోసేవాడు. అలాంటివాడు, కార్యాలయంలో కొత్తగా చేరినవాళ్ళకు ఏటా మొదటి వారంలో ఎఫ్రాయిమ్ టాలీ తల గురించి చెప్పి, బంగారం ఎన్ని దారుల్లో పోగలదో నేర్పేవాడు. ఒక్క ఏడాదీ మానలేదు.

ఉద్యోగ విరమణ తరువాత గురువారం మధ్యాహ్నాలు పేటలోని గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల ఆయనది. జనం పాత ఉంగరాలు, లాకెట్లు తెచ్చి ముందు పెట్టేవారు. లోపల పడిన ముద్రల్ని భూతద్దంతో చదివి, ఎవరు చేశారో, ఏ ఏట చేశారో చెప్పేవాడు. ఏమీ పుచ్చుకునేవాడు కాదు. చాలామంది తమ ముత్తవ్వ ఉంగరం ఏ రాణిగారి అంతఃపురం నుంచో వచ్చిందని నమ్మి వచ్చేవారు. అది ఈ పక్క సందులోనే తయారైందని విని కాస్త చిన్నబోయి వెళ్ళేవారు.

1979 మే నెలలో ఒక గురువారం ఆ బల్ల ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకామెకు డెబ్బై ఏళ్ళు. ఎండాకాలం వస్తున్నా చేతులకు తొడుగులు ఉన్నాయి. రెండో ఆమె ఇరవై దాటిన పిల్ల.

"నన్ను గుర్తుపట్టావా పెడ్లీ?" అంది పెద్దామె. "కెజియాని. ఎఫ్రాయిమ్ టాలీ పెళ్ళాన్ని. గుర్తుపట్టకేంలే, నా మొగుడి తలకాయ చూపించే కదా కొత్తవాళ్ళందరికీ పాఠం చెప్పావు."

ఆంబ్రోస్ చెవులు ఎర్రబడ్డాయి. "కూర్చోండి మిసెస్ టాలీ" అన్నాడు.

"నానమ్మా, మనం పోట్లాటకి రాలేదు" అంది ఆ పిల్ల.

"పోట్లాట ఎవరే పెట్టుకున్నది? పలకరిస్తున్నా." కెజియా కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఒక కవరు తీసింది. "ఇది నా మనవరాలు హేజెల్. నువ్వే చెప్పవే, నాకు దమ్ము లేదు."

"వచ్చే వారం కాకుండా ఆ పై శనివారం నా పెళ్ళండీ" అంది హేజెల్. "నాకు తాతయ్య ఉంగరమే కావాలి. ఈస్టరు ముందు నానమ్మ మెట్ల మీద పడింది. వేలు వాచిపోతే ఆస్పత్రిలో ఉంగరం కోసి తీశారు. వేలికి లేకుండా ఉందిగా, నాకివ్వు, అతికించుకుంటానన్నాను. ఇవ్వనంటోంది."

"ఎలా ఇస్తానే? దొంగసొత్తు వేలికి పెట్టుకుని దేవుడి ముందు ప్రమాణం చేస్తావా? ఆ పని తెలీక ఒకసారి నేను చేశాను. తెలిసి నీ చేత చేయించమంటావా?"

"ఆయన్ని ఎప్పుడూ అడగలేదా మిసెస్ టాలీ?" అన్నాడు ఆంబ్రోస్.

"అడక్కేం! పెళ్ళయిన నెలకే నా చెవిన పడిందిగా, ప్రార్థన మందిరంలో కప్పులు కడుగుతుంటే. ఇంటికెళ్ళి అడిగా. కన్నుగీటి, 'నా తలలో ఏముందో నీకేం తెలుసే' అన్నాడు. ఇంకోసారి అడిగా. మళ్ళీ అదే మాట. మూడోసారి అడగడానికి భయమేసింది. ఔనంటే ఏం చేస్తాను?" ఆమె తొడుగు తీసింది. ఉంగరపు వేలి మొదట తెల్లటి పల్లం ఒకటి చుట్టూ కనిపించింది. "నలభై ఎనిమిదేళ్ళు మందిరంలో ఈ చేతి మీద ఆ చెయ్యి కప్పుకుని కూర్చున్నా. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడింక అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వు చదివి దొంగదంటే ఇవాళే కొలిమిలో వేయిస్తా. కాదంటే ఈ పిల్లకిస్తా. ఏదో ఒకటి చెప్పు. ముసల్ది కదా అని ఓదార్చకు, నాకు తెలిసిపోతుంది."

కవరులోంచి ఉంగరం బల్ల మీది గుడ్డ మీద పడింది. నునుపైన, వెడల్పు తక్కువైన పెళ్ళి ఉంగరం. ఒకచోట తెగి, రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి.

ఆంబ్రోస్ దాన్ని వేడి నీళ్ళలో సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తాడు. కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని లోపలి వైపు నోటితో ఆవిరి ఊదాడు. ఆవిరి ఆరిపోయే ఆ రెండు క్షణాల్లో అరిగిన ముద్రలు కొంచెం లేచి కనిపిస్తాయి. అలా పదిహేనుసార్లు ఊదాడు. హేజెల్ బల్ల మీదికి వంగి చూస్తోంది. కెజియా మాత్రం ఉంగరాన్ని చూడడం లేదు, ఆయన ముఖాన్ని చూస్తోంది.

కిరీటం ఉంది. పక్కన ఇరవై రెండు అంకె. అది బంగారం మేలిమి. లంగరు ఉంది, అది ఈ ఊరి గుర్తు. ఆ తరువాత ఏటి అక్షరం ఉండాలి. ప్రతి ఏడాదికీ ఒక అక్షరం. వరస అయిపోతే మళ్ళీ మొదటి నుంచి వేరే రూపంలో. ఆస్పత్రి కోత సరిగ్గా ఆ అక్షరం నడిమి నుంచి పోయింది. ఎడమ వైపు ఒక ఒంపు మిగిలింది. ఆ ఒంపు నాలుగైదు అక్షరాల్లో దేనికైనా సరిపోతుంది. 1931 అక్షరానికీ సరిపోతుంది.

చివర చేసినవాడి గుర్తు. జె, దాని పక్కన సగం అరిగిన బి.

"ఏమిటది?" అంది కెజియా.

"జె బి" అన్నాడు ఆంబ్రోస్.

"జోయెల్ బ్రేస్‌గర్డిల్. ఎఫ్రాయిమ్ యజమాని." ఆమె కళ్ళు మూసుకుంది. "సరే. నాకు తెలుసు. తెలిసే వచ్చాను. పదవే."

"ఆగండి మిసెస్ టాలీ. చదవడం ఇంకా అవలేదు."

ఆ మాట ఆయన ఓదార్పుకు అనలేదు. అబద్ధం చెప్పి ఆమెను సంతోషంగా పంపించడం తేలికే. ఆ ఆలోచన ఆయనకు రాకపోలేదు కూడా. కానీ ముద్ర చదివేటప్పుడు అబద్ధం చెప్పినవాడి మాటకు ఆ తరువాత నిజం చెప్పినా విలువ ఉండదు. ఆయన చూసినది వేరే. ముద్రలో అక్షరాల చుట్టూ ఒక గట్టు ఉంటుంది. ఒకే పొడి అక్షరాలున్న కంసాలులు ఈ ఊళ్ళో చాలామంది. వాళ్ళను విడదీసేది ఆ గట్టు ఆకారమే. జోయెల్ బ్రేస్‌గర్డిల్ గుర్తు ఆంబ్రోస్ చేతి మీదుగా కొన్ని వేలసార్లు పోయింది. దీర్ఘచతురస్రం, నాలుగు మూలలూ కత్తిరించినట్టు ఉంటాయి. ఇక్కడ జె కింద గట్టు ఒంగి ఉంది.

"మూలలు అరిగి గుండ్రబడి ఉండొచ్చు" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "అసలే గుండ్రమూ కావొచ్చు. ఊరికే చూసి చెప్పలేను. నాకు ఒక్క రోజు గడువివ్వండి."

"నలభై ఎనిమిదేళ్ళు ఆగాను, ఒక రోజు ఆగలేనా? ఉంగరం మాత్రం ఇక్కడ వదిలిపెట్టను."

"అక్కర్లేదు." ఆయన సొరుగులోంచి మైనపు ముద్ద తీసి, ఉంగరపు లోపలి వైపును దానిమీద ఒత్తి అచ్చు తీసుకున్నాడు. తిరిగి ఇచ్చేముందు ఉంగరాన్ని ఇంకోసారి భూతద్దం కింద తిప్పాడు. ముద్రలకు ఎదురుగా, వెనక భాగంలో, వెంట్రుకవాసి గీత ఒకటి కనిపించింది. ఎవరో చాలా నేర్పుగా వేసిన పాత అతుకు. దాని గురించి అప్పటికి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఆంబ్రోస్ వంటింట్లో బఠాణీలు ఉడుకుతుండగా కాగితం తీసుకుని ఒక లెక్క వేశాడు. తల మీద ఒక రోజులో ఎంత రజను నిలుస్తుంది? ఎంత నూనె రాసినా చాలా స్వల్పం. అది సరే. బ్రేస్‌గర్డిల్ బల్ల మీద తొమ్మిది కారట్ల పనీ, పద్దెనిమిది కారట్ల పనీ, అతుకు లోహమూ అన్నీ ఒకే జోలెలో రాలేవి. ఆ కలగాపులగాన్ని కరిగిస్తే ఇరవై రెండు కారట్ల బంగారం ఎలా వస్తుంది? పరీక్షకు వెళ్ళిన క్షణాన అది మేలిమి తప్పి, గొడ్డలితో నరికినట్టు ముక్కలై తిరిగి వచ్చేది. శుద్ధి చేయించాడనుకోవాలంటే శుద్ధి చేసే ఇంకొకడు దొంగతనంలో పాలు పంచుకోవాలి. ఇదంతా పది నిమిషాల ఆలోచన. నలభై ఒక్క ఏళ్ళు మేలిమి తేల్చడమే వృత్తిగా బతికినవాడు ఆ పది నిమిషాలు ఎన్నడూ వెచ్చించలేదు, కథ అంత బాగుంది మరి. అయితే జరగడం కష్టమని చూపినంత మాత్రాన జరగలేదని రుజువైనట్టు కాదు. కెజియా అడిగినది రుజువు. బఠాణీలు అడుగంటాయి.

మరునాడు ఉదయం పరీక్ష కార్యాలయం గుమ్మంలో మిస్ ట్రస్కాట్ ఎదురైంది. పాత దస్తావేజులన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి.

"పెడ్లీగారూ, మీకు పింఛను ఇస్తున్నది ఇక్కడికి రాకుండా ఉండడానికి."

"అందుకు సరిపోయేంత ఇవ్వడం లేదు మరి. రాగి రేకులు చూడాలి మిస్ ట్రస్కాట్."

"ఏ అక్షరాలు?"

"జె బి."

"ఇంతేనా? నేనింకా కష్టమైనదేదో అడుగుతారనుకున్నా. ఆ జె బిలు పదకొండు మంది ఉన్నారు. టీ పెట్టమంటారా, మంచం వేయమంటారా?"

కంసాలి ఎవరైనా తన ఉక్కు ముద్రను నమోదు చేయించుకున్నప్పుడు దాన్ని ఒక రాగి రేకు మీద కొట్టి ఉంచడం ఆ కార్యాలయపు ఆనవాయితీ. కాగితం మీద రాసిన పేరు తప్పు కావచ్చు. రాగి మీద పడిన దెబ్బ ఉన్నదున్నట్టే ఉంటుంది. ఆంబ్రోస్ మైనపు అచ్చును పక్కన పెట్టుకుని ఒక్కొక్క రేకు చూస్తూ వచ్చాడు. నాలుగోది జోయెల్ బ్రేస్‌గర్డిల్, 1912. మూలలు కత్తిరించిన దీర్ఘచతురస్రం. సన్నటి కొలత పరికరంతో వెడల్పు కొలిచాడు. మైనపు అచ్చు దానికన్నా సన్నం. లోహం అరిగితే గట్టు పలచబడుతుంది, మసకబారుతుంది. అక్షరాల మధ్య దూరం మాత్రం తగ్గదు. ఇది జోయెల్ ముద్ర కాదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మనసు గంతులు వేయబోతుంటే ఆపుకున్నాడు. కాదని తేలింది, అంతే. మరి ఎవరిది?

తొమ్మిదో రేకు మీద కోడిగుడ్డు ఆకారపు గట్టులో జె బి ఉంది. వెడల్పు సరిపోయింది. జె కొక్కెంలో, ముద్ర చెక్కినవాడి చెయ్యి జారి, ఒక చిన్న ఖాళీ ఏర్పడింది. మైనం మీదికి భూతద్దం తిప్పాడు. అదే చోట, అంతే ఖాళీ.

"మిస్ ట్రస్కాట్, ఇటు రండి. నేను చూసింది మీరు కూడా చూడండి. నేనేమీ చెప్పను."

ఆమె వంగి చాలాసేపు చూసింది. "కొక్కెం తెగింది" అంది. "రెండింటిలోనూ. ఎవరండీ ఈయన?"

రేకు పక్కన పేరు ఉంది: జేబెజ్ బ్రేస్‌గర్డిల్. జోయెల్ తండ్రి. నమోదు 1889. ఆ వరసలోనే చివర ఎర్ర సిరాతో ఇంకో పంక్తి ఉంది: యజమాని మరణించినందున 1912 మార్చి పద్నాలుగున ముద్రను కార్యాలయానికి అప్పగించారు, విరగ్గొట్టడమైనది.

"మూడు గదుల అవతలే పని చేశారు మీరు, పెడ్లీగారూ" అంది మిస్ ట్రస్కాట్, రేకులు సర్దుతూ. "ఆ తలనూనె కథ నాకు కూడా చెప్పారు, చేరిన మొదటి వారం. నలభై ఏళ్ళలో ఒకసారి ఈ తలుపు తియ్యాలనిపించలేదా?"

"లేదు" అన్నాడు ఆంబ్రోస్.

కెజియా వంటింట్లో బ్రెడ్ పుడ్డింగ్ వాసన నిండి ఉంది. ఆయన వస్తాడని చేసింది. చెప్పబోయేది చెడ్డదయినా వచ్చిన మనిషికి ఏదో ఒకటి పెట్టాలి కదా అన్న మర్యాద. హేజెల్ టీ పోసింది. ఎవరూ కప్పు ముట్టుకోలేదు.

"చెప్పు" అంది కెజియా.

"ఉంగరం మీ ఆయన చేసింది కాదు. జోయెల్ కార్ఖానాలో చేసిందీ కాదు. జోయెల్ తండ్రి జేబెజ్ ముద్ర అది. 1912 మార్చిలో ఆ ముద్రను విరగ్గొట్టారు. కాబట్టి ఉంగరం అంతకు ముందుది. ఏ ఏటిదో చెప్పలేను, అక్షరం తెగిపోయింది. 1912 తరువాతది కాదని మాత్రం ఎవరి ముందైనా చెప్పగలను."

"ఎఫ్రాయిమ్ కార్ఖానాలో చేరింది…"

"1920లో. చేరికల పుస్తకంలో ఉంది. అది కూడా చూశాను."

కెజియా మోచేతులు బల్లకు ఆనించి, ఆ ఖాళీ వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. "ఇంకోసారి చెప్పు" అంది. ఆంబ్రోస్ మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా. రెండోసారి విన్నాక ఆమె భుజాలు దిగాయి. అవి అంతసేపూ పైకెత్తి ఉన్నాయని, బహుశా చాలా ఏళ్ళుగా అలాగే ఉన్నాయని, హేజెల్‌కు అప్పుడే తెలిసింది.

"మరి తాతయ్యకెక్కడిది నానమ్మా?"

"దానికి కొంత ఆధారం ఉంది" అన్నాడు ఆంబ్రోస్. "ఉంగరం వెనక ఒక పాత అతుకు ఉంది. ఒక్కటే. ఉంగరాన్ని పెద్దది చేయాలంటే ముక్క చేర్చాలి, అప్పుడు రెండు అతుకులు పడతాయి. ఒకటే ఉందంటే ముక్క తీసేసి చిన్నది చేశారన్నమాట. మీ కోసం చేసిన ఉంగరమైతే మీ వేలికి తగ్గించాల్సిన పని లేదు. అది ముందు ఎవరో పెద్ద వేలున్న మనిషిది."

కెజియా నోరు తెరుచుకుంది. "తాకట్టు కొట్టు" అంది. "ఓరి నా ఎఫ్రాయిమూ! తాకట్టు కొట్టు అద్దాల్లోంచి!"

"అది నేను చెప్పలేను. ముద్రలో లేదు."

"ముద్రలో లేకపోతేనేం, నా నోట్లో ఉంది! పెళ్ళికి ముందు ఓ శనివారం ఆ కొట్టు ముందు నించి పోతున్నాం. అద్దాల్లో ఉంగరాలు చూసి నేనన్నా, 'ఇంకో ఆడదాని పెళ్ళి ఉంగరం తొడుక్కుంటే ఏడాది తిరక్కుండా పోతారు, గెర్టీ స్పాల్ అలాగే పోయింది, నేనైతే చచ్చినా వేలికి తగలనివ్వను' అని. మనిషి బిగుసుకుపోయాడు. ట్రాము వచ్చేదాకా ఒక్క మాట లేదు. జలుబు చేసిందేమో అనుకున్నా." ఆమె నవ్వడం మొదలుపెట్టింది; నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "అప్పటికే జేబులో ఉండి ఉంటుంది, పిచ్చి సన్నాసి. పాతదని నాకు తెలిసేకన్నా దొంగ అనిపించుకోవడమే మేలనుకున్నాడు. ఎవరో తలనూనె అని వేళాకోళం చేస్తే, పోనీలే అని కన్నుగీటి ఊరుకున్నాడు. నేను నిజంగా నమ్ముతానని అనుకుని ఉండడు."

"గెర్టీ స్పాల్ ఎలా పోయిందండీ?" అని అడిగాడు ఆంబ్రోస్. అలాంటివి వదిలిపెట్టలేని స్వభావం ఆయనది.

"క్షయ."

"పెళ్ళికి ముందు నుంచే ఉందా?"

"ఉంది. ఉందిలే. నీ మొహం, నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు."

హేజెల్ ఉంగరం తీసుకుని వేలి కొసకు పెట్టుకుంది. "అయితే నేను కూడా ఏడాదిలో పోతానా నానమ్మా? ఇద్దరు ఆడవాళ్ళ ఉంగరం ఇది."

"నోరుముయ్యవే. నలభై నాలుగేళ్ళు కాపురం చేశా దీంతో. నీ వేలు నాకన్నా లావు, ముక్క చేర్పించాలి. పెడ్లీ, ఎవరి చేత చేయించాలో నువ్వే చెప్పు, ముద్రలకి తగలకుండా." అప్పటికి గాని ఎవరూ పుడ్డింగ్ వైపు చూడలేదు. ఆంబ్రోస్ రెండు ముక్కలు తిన్నాడు; మూడోది ఆమె కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టింది.

గుమ్మం దగ్గర ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మిసెస్ టాలీ, ఆ కథ నేను ఏటా చెప్పాను. ఒక్కసారి కూడా…"

"తెలుసులే. బాగా చెప్పేవాడివట. ఇప్పుడిది కూడా అంతే బాగా చెప్పు, సరిపోతుంది."

పెళ్ళి జరిగింది. మందిరంలో హేజెల్ చేయి చాపినప్పుడు, ముందు వరసలో కెజియా చేతులకు తొడుగులు లేవు; రెండు చేతులూ ఒడిలో విడివిడిగా ఉన్నాయి. తరువాత మందిరం వెనక హాలులో బల్లల మీద హామ్ శాండ్‌విచ్‌లు, కేకు, పెద్ద కెటిళ్ళలో టీ. ఆంబ్రోస్‌ను మూలగా కూర్చోబెట్టారు. ఆయన పక్కన సిడ్నీ క్లీవ్ ఉన్నాడు. బ్రేస్‌గర్డిల్ బల్ల దగ్గర ఎఫ్రాయిమ్ పక్క కోతలో ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషి. వరుడి మేనమామకు ఆయన అప్పటికే కథ మొదలుపెట్టేశాడు.

"…అదిగో, ఆ పిల్ల వేలికుందే, ఆ ఉంగరమే. మొత్తం ఈ తలలోంచే!" అని తన బట్టతల మీద వేళ్ళు పోనిచ్చి చూపించాడు. "ఎఫ్రాయిమ్ నూనె రాసుకుంటే, పక్కన కూర్చున్న నాకు చొక్కా జిడ్డు!"

"అది నిజం కాదు సిడ్నీ" అన్నాడు ఆంబ్రోస్.

"ఏది కాదు? నూనె కాదా?"

"నూనె నిజం. బంగారం నిజం కాదు."

"నీకేం తెలుసోయ్? నువ్వే కదా అందరికీ చెప్పింది! నేను నీ దగ్గరే విన్నా సగం!"

"నేను నీ దగ్గర విన్నాను సిడ్నీ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేనమామ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో కెజియా వెనక నుంచి వచ్చి, చేతి సంచిలోంచి తీసిన ఒక అట్ట ఫోటోను సిడ్నీ శాండ్‌విచ్ పళ్ళెం పక్కన పెట్టింది. బడి ముందు వరసగా నిలబెట్టిన చిన్నపిల్లలు, అడుగున పలక మీద సుద్దతో రాసిన సంవత్సరం: 1912. ఆ ఏడు బడిలో పేల బెడద వచ్చి మగపిల్లలందరికీ గుండు చేయించారు. ముందు వరసలో ఎడమ నుంచి మూడోవాడు ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు.

"ఇదిగో నీ దొంగ" అంది కెజియా. "ఏదీ, నూనె ఎక్కడ రాశాడో చూపించు."

సిడ్నీ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "వీడు పసివాడు కదా కెజియా" అన్నాడు.

"అవును" అంది ఆమె, ఆయన పళ్ళెంలోకి ఇంకో కేకు ముక్క జరుపుతూ. "పెడ్లీ, నువ్వు చెప్పు."

ఆంబ్రోస్ కప్పు కింద పెట్టాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఎఫ్రాయిమ్ టాలీ 1905 నవంబరులో పుట్టాడు. ఆ ఉంగరం మీద గుర్తు వేసిన ఉక్కు ముద్రను విరగ్గొట్టిన నాటికి అతని వయసు ఆరేళ్ళ నాలుగు నెలలు.